అక్టోబరు ఒకటి ఎవరిది?

మా ఆదోనిలో అక్టోబరు ఒకటి ఎవరికీ పండుగ కాదు. మరునాడు గాంధీ జయంతి, మందు దుకాణాలు మూసేస్తారు కాబట్టి ఒకటో తేదీ సాయంత్రం వాటి ముందు గుంపు కాస్త ఎక్కువగా ఉంటుంది. పింఛను ఇచ్చే రోజు కాబట్టి ముసలివాళ్ళు పొద్దున్నే ఎదురుచూస్తుంటారు. అంతకు మించి ఆ తేదీకి మా ఊళ్ళో గుర్తింపు లేదు. నిజానికి ఉండాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. అదే రోజు బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను విడదీసి ఆ రాష్ట్రంలో కలిపారు. రాత్రి బళ్ళారి జిల్లాలో పడుకున్న ఆదోని తెల్లవారి కర్నూలు జిల్లాలో లేచింది. అప్పట్లో ఆదోని తాలూకాలోనే ఉన్న ఎమ్మిగనూరూ అంతే. మళ్ళీ సరిగ్గా నలభై ఏళ్ళకు, 1993 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. మొదటిది పాఠ్యపుస్తకాల్లో ఉంది. పోటీపరీక్షలకు చదివే పిల్లలు నిద్రలో లేపినా చెప్తారు. రెండోదాని తేదీ అడిగితే మా కాలేజీలో స్టాఫ్‌రూమ్ అంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చరిత్ర చెప్పేవాళ్ళతో సహా.

ఒకే తేదీన జరిగాయి కదా అని రెండు సంఘటనల్ని పక్కపక్కన పెట్టి మాట్లాడటం సబబేనా? చరిత్ర చెప్పే ఒక సహోద్యోగి నన్ను నిలదీసింది. తేదీ అన్నది కారణం కాదు, సంబంధమూ కాదు, క్యాలెండరులో గడి మాత్రమే, పంచాంగం చూసి చరిత్ర రాస్తావా అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ మనకు అలవాటైన అమరిక మాత్రం ఏ తర్కం మీద నిలబడింది? రాష్ట్రావతరణ 'రాజకీయ చరిత్ర' అనే అధ్యాయంలో ఉంటుంది. సారా వ్యతిరేక ఉద్యమం చివర్లో, 'మహిళా ఉద్యమాలు' అనే రెండు పేజీల అధ్యాయంలో, వరకట్నానికీ స్వయంసహాయక బృందాలకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఆ విభజన కూడా ఎవరో గీసిన గడే. అది గడి అని మనకు కనిపించదు, అంతే తేడా. క్యాలెండరు అమరిక యాదృచ్ఛికమని అందరికీ తెలుసు గనుక అది ఎవర్నీ మోసం చెయ్యదు. వేర్వేరు గదుల్లో పెట్టిన వాళ్ళను ఒకపూట ఒకే అరుగు మీద కూర్చోబెడుతుంది. కూర్చోబెట్టాక ఏం మాట్లాడుకుంటారో వినాలని నా కోరిక.

పైగా ఈ రెండో తేదీ పూర్తిగా కాకతాళీయం కూడా కాదు. మన రాష్ట్రంలో ఎక్సైజు సంవత్సరం అక్టోబరు ఒకటిన మొదలై సెప్టెంబరు ముప్ఫయిన ముగిసేది. సారా వేలంపాటల గడువులన్నీ ఆ లెక్క ప్రకారమే. ఆడవాళ్ళ పోరాటం ఫలించిన రోజును కూడా ఖజానా లెక్కల పుస్తకమే నిర్ణయించిందన్నమాట. గాంధీ జయంతికి ఒకరోజు ముందు రావడంతో చూడ్డానికి పవిత్రంగా ఉంది గానీ, లోపల ఉన్నది కాంట్రాక్టరు లైసెన్సు గడువే.

మొదటి అక్టోబరు ఒకటి గురించి పుస్తకాల్లో ఉన్నది మనకు తెలుసు. 1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష మొదలుపెట్టారు. యాభై ఎనిమిది రోజుల తర్వాత డిసెంబరు 15న ప్రాణం పోయింది. నాలుగు రోజులకు నెహ్రూ పార్లమెంటులో ఆంధ్రరాష్ట్రాన్ని ప్రకటించారు. కర్నూలు రాజధాని అయింది, గుడారాల్లో కచేరీలు నడిచాయి, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. బళ్ళారి జిల్లా మూడు ముక్కలైంది. మూడు తాలూకాలు ఆంధ్రకు, ఆరు మైసూరుకు వెళ్ళాయి. బళ్ళారి తాలూకా ఎవరిదో తేల్చలేక జస్టిస్ మిశ్రాకు అప్పగించారు. ఆయన నివేదిక తర్వాత అదీ మైసూరుకే పోయింది. బళ్ళారి పోయిందన్న దుఃఖం మా ప్రాంతపు తెలుగు రచయితల్లో చాలాకాలం ఉండింది. బళ్ళారి రాఘవ పెరిగిన ఊరు, ధర్మవరం కృష్ణమాచార్యులు నాటకాలాడించిన ఊరు పరాయి రాష్ట్రమైందని. (ఆడపాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను రంగస్థలానికి తెచ్చినవాడు రాఘవ. ఆ దుఃఖపడేవాళ్ళు ఈ సంగతి తక్కువగా తలుచుకుంటారు.)

పుస్తకాల్లో లేనిది మా అవ్వ చెప్పింది. అవ్వ పుట్టిల్లు సిరుగుప్ప తాలూకాలో. పద్నాలుగేళ్ళకు ఎమ్మిగనూరులో నేత ఇంటికి కోడలిగా వచ్చింది. పుట్టింట్లో కన్నడం, అత్తింట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ. మూడూ కలిపి మాట్లాడేది, దేనికీ విడిగా పేరు పెట్టేది కాదు. 1953లో ఆమె పుట్టిల్లు ఒక రాష్ట్రానికీ అత్తిల్లు మరో రాష్ట్రానికీ పోయాయి. నేను ఎం.ఏ. చదివేటప్పుడు పరిశోధకురాలి గొప్పతో అడిగాను, 'ఆ పొద్దు నీకేమనిపించె అవ్వా?' అని. 'ఏమనిపిస్తది? మేము యాడికీ పోలేదు గదమ్మా, గవుర్మెంటే అటూ ఇటూ పాయె' అంది. కండెలు చుట్టడం ఆపకుండానే చెప్పింది.

ఆ జవాబును నేను చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. రాష్ట్రం గురించి ఆమెకు తెలియదని కాదు. పద్నాలుగేళ్ళకే ఒక సరిహద్దు దాటించి తెచ్చిన మనిషికి రెండో సరిహద్దు పెద్ద వింతగా తోచలేదు. పుట్టింటికి పోవాలంటే మొదట్నుంచీ అనుమతి కావాలి. భర్తది, అత్తది, మగ్గం మీద పని ఎంతుందో దానిది. వాటి సరసన ఒక చెక్‌పోస్టు చేరింది, అంతే. దేశాన్ని పుట్టిల్లు అనీ తల్లి అనీ పాటలు కట్టుకున్న మగవాళ్ళకు సరిహద్దు గీత గుండెకోతలాగా కనిపించింది. నిజంగా పుట్టిల్లు వదిలి వచ్చినవాళ్ళను ఎవరూ అడగలేదు.

'మాతృభాష' అనే మాట దగ్గర కూడా నాకు కాళ్ళు ఆగిపోతాయి. ఏ తాలూకా ఎటు పోవాలో తేల్చడానికి ఆధారం జనగణనలో నమోదైన మాతృభాషల సంఖ్య. గుమ్మం ముందు నిలబడి అధికారి అడిగితే సాధారణంగా జవాబు చెప్పేది ఇంటి యజమాని. మా తాత తెలుగు అని చెప్పి ఉంటాడు. అవ్వకూ పిల్లలకూ కలిపి తెలుగే రాసుకుని ఉంటారు. పిల్లలకు తల్లి నోట వచ్చింది కన్నడమో, కన్నడం కలిసిన తెలుగో, అది లెక్కలోకి రాలేదు. తల్లి భాషను తండ్రి నోట విని రాష్ట్రాలు గీసుకున్నాం. ఆదోని చుట్టుపక్కల కన్నడం మాట్లాడే పల్లెలు ఇవాళ్టికీ ఉన్నాయి. కన్నడ మీడియం బడులూ ఉన్నాయి. మేనరికాలు సరిహద్దుకు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. భాషాప్రయుక్త రాష్ట్రాల వాదం తప్పని నా ఉద్దేశం కాదు. తమిళ అగ్రవర్ణాల పెత్తనం కింద తెలుగువాళ్ళు పడిన చిన్నచూపు వాస్తవం. తమ భాషలో చదువుకునే, కోర్టుకెక్కే హక్కు పేదవాళ్ళకే ఎక్కువ అవసరం. కానీ ఆ వాదం 'భాష' అన్నప్పుడు ఎవరి నోటిని ఉద్దేశించిందో అడిగే హక్కు మనకుంది.

ఇక్కడే, మనవాళ్ళు ఎక్కడా కలిపి చెప్పని ఇంకో ముడి ఉంది. కర్నూలులో కొలువుదీరిన ఆ మొదటి ప్రభుత్వం పడిపోయింది దేనిమీద? మద్యం మీద. మద్రాసు రాష్ట్రమంతటా 1948 అక్టోబరు 2 నాటికే మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. ఆంధ్రరాష్ట్రానికి అది వారసత్వంగా సంక్రమించింది. నిషేధం విఫలమైంది, ఎత్తేయండని రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. ప్రకాశం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చి ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం కూలింది. కల్లుగీత కార్మికుల బతుకుతెరువు అప్పుడు సభలో బలంగా వినిపించింది. అది న్యాయమైన గొంతే. రాష్ట్ర ఖజానా గొంతూ వినిపించింది. గాంధేయ సిద్ధాంతమూ వినిపించింది. తాగొచ్చిన మనిషి దగ్గర రాత్రి గడపాల్సిన మనిషి గొంతు మాత్రం ఆ చర్చలో ఒక పక్షంగా లేదు. తాగుడు అప్పటికి వృత్తి సమస్య, ఆదాయ సమస్య, నీతి సమస్య. హింస సమస్య కావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది.

నలభై ఏళ్ళ తర్వాతి సంగతికి వస్తే, రెండు అక్టోబరు ఒకట్లకూ మూలం నెల్లూరే కావడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. శ్రీరాములు పూర్వీకులది ఆ ప్రాంతమే. నెల్లూరు మూలాపేట గుడిలో దళితుల ప్రవేశం కోసం 1946లో ఆయన నిరాహారదీక్ష చేశారు. అది గుర్తుంచుకోదగిన పని, రాష్ట్రం కోసం చనిపోవడం వల్ల మరుగునపడిన పని. ఆ జిల్లాకు 2008లో ఆయన పేరు పెట్టారు. అదే జిల్లాలోని దూబగుంటలో 1991 తర్వాత ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చి, 'సీతమ్మ కథ' పాఠంలో తాగుబోతు మొగుడి బతుకు చదివి, ఇది మా కథే కదా అన్నారు. వాళ్ళు చేసిన పని తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమైంది. ఆ పాఠం చదివి మరో ఊరు లేచింది. వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా మారింది. ఒక ఊరు ఇంటిపేరు కావడం మనలో జమీందార్లకూ పండితులకూ చెల్లింది. చదువురాని ఒక రైతుకూలీ ఆడమనిషికి అలా కావడం అరుదు. జిల్లాకు ఆమె పేరు పెట్టమని నేను అడగడం లేదు. విగ్రహాలూ పేర్లూ మగవాళ్ళ ఆట, దానిలో చేరితే మనకు ఒరిగేదేమీ లేదు. కానీ శ్రీరాములు ఆకలిని త్యాగం అంటాం. సారా డబ్బుల కోసం ఇంట్లో గింజలు అమ్ముకుంటే పస్తున్న ఆడవాళ్ళ ఆకలిని పేదరికం అంటాం. ఒకటి చరిత్రను నడిపే ఆకలి, రెండోది గణాంకాల్లో చేరే ఆకలి. ఈ తేడా ఎక్కడ పుట్టింది? ఎంచుకున్న ఆకలికే నైతిక విలువ ఉంటుందని అనుకోవడంలో పుట్టింది. అన్నం ముందు ఉన్నవాడు వద్దనుకుంటే అది దీక్ష. అన్నం వండి, అందరికీ పెట్టి, గిన్నె అడుగు చూసుకున్నదానికి దీక్ష పట్టే అవకాశమే లేదు. ఎంచుకునే స్థోమత లేనివాళ్ళ బాధకు నైతిక బలం ఇవ్వని నీతిశాస్త్రం ఎవరు రాసిందో వేరే చెప్పాలా?

ఆ ఆడవాళ్ళు ఎదిరించినది ఏ సారా కొట్టువాణ్ణో కాదు. ఎన్.టి. రామారావు హయాంలో వారుణ వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి పల్లెపల్లెకూ చేర్చింది. మంచినీళ్ళు లేని ఊరికి సారా వచ్చేదని అప్పట్లో అందరూ అన్న మాటే. ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్లు ఉంటే 1991-92కు 812 కోట్లకు పెరిగింది. ఆ డబ్బుతోనే రెండురూపాయల బియ్యం లాంటివి నడిచాయని వాదించినవాళ్ళున్నారు. భర్త కూలిడబ్బు సారాకొట్టులో పడి, అక్కడి నుంచి ఖజానాకు పోయి, అక్కడి నుంచి బియ్యంగా భార్య చేతికి తిరిగొచ్చి, దానికామె ప్రభుత్వానికి దండం పెట్టాలి. 1992లో నెల్లూరులో వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. కలెక్టరు కచేరీ ముందు కూర్చున్నారు. పాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. మిగతా జిల్లాలకూ పాకింది. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. నిషేధించిన ముఖ్యమంత్రి మా కర్నూలు జిల్లావారే, కోట్ల విజయభాస్కరరెడ్డి. రాష్ట్రం కర్నూలులో పుట్టిన రోజునే కర్నూలు మనిషి ఈ ఆజ్ఞ అమలుచేశాడని ఏ పత్రికైనా గమనించి ఉంటే బాగుండేది.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా వీధి చివర సారాకొట్టు ఉండేది. సాయంత్రం కాలేజీ నుంచి రావాలంటే చుట్టూ తిరిగి రావాలి. అది మూతపడిన మరునాడు నేరుగా ఆ దారిన నడిచి ఇంటికొచ్చాను. స్వేచ్ఛ గురించి తర్వాత చాలా పుస్తకాలు చదివాను గానీ, రోడ్డు నాది అనిపించడం అంటే ఏమిటో మాత్రం ఆ రెండు వందల గజాల్లోనే తెలిసింది.

అది ఎన్నాళ్ళు నిలిచింది? ఇక్కడ మా ప్రాంతపు కథ మిగతా రాష్ట్రపు కథతో కలవదు. రెండు తేదీలూ ఒకదాన్నొకటి ఢీకొన్నది మా దగ్గరే. ఆంధ్రప్రదేశ్‌లో సారా పోయింది, కర్ణాటకలో పోలేదు. అక్కడ 2007 జూలై ఒకటిదాకా సారా చట్టబద్ధమే. ఆలూరు దాటితే బళ్ళారి, ఆదోని దాటితే సిరుగుప్ప, తుంగభద్ర దాటితే రాయచూరు. పద్నాలుగేళ్ళపాటు ప్యాకెట్లు అటునుంచి బస్సుల్లో, సైకిళ్ళ మీద, పాలక్యాన్లలో వచ్చాయి. 1953లో గీసిన గీత లేకపోతే, ఆదోనీ బళ్ళారీ ఒకే ప్రభుత్వం కింద ఉండి ఉంటే, ఆడవాళ్ళు సాధించిన నిషేధం బళ్ళారికీ వర్తించేది, లేదా ఆదోనికి కూడా వర్తించేది కాదు. రెండిట్లో ఏది జరిగేదో ఊహించడం నా పని కాదు. జరిగింది మాత్రం ఇది: మొదటి అక్టోబరు ఒకటిన పెట్టిన సరిహద్దు రెండో అక్టోబరు ఒకటికి మా దగ్గర చిల్లు పొడిచింది. తెలుగువాళ్ళ ఆత్మగౌరవానికి గుర్తుగా నిలిచిన గీత, ఆ పక్క సారాను ఈ పక్కకు లాభానికి అమ్ముకునే గీత అయింది. ఆత్మగౌరవం, అక్రమ వ్యాపారం ఒకే చెక్‌పోస్టు దగ్గర కాపురం పెట్టాయి.

బసివి ఆచారం విషయంలోనూ ఇలాగే జరిగింది. అమ్మాయిని దేవుడికి విడిచే ఆ దురాచారం బళ్ళారి, ఆలూరు, ఆదోని పల్లెల్లో సరిహద్దుతో నిమిత్తం లేకుండా సాగింది. 1947 నాటి మద్రాసు చట్టం అందరికీ ఒక్కటే. విడిపోయాక కర్ణాటక 1982లో తన చట్టం చేసుకుంది, ఆంధ్రప్రదేశ్ 1988లో తన చట్టం చేసుకుంది. ఆ ఆడపిల్లల్లో దాదాపు అందరూ దళితులు. భాష పేరుతో పంచుకున్నప్పుడు వీళ్ళను ఎవరు పంచుకున్నారన్నది రెండు రాష్ట్రాల ఉత్సవాల్లోనూ రాని ప్రశ్న.

ఇంతకూ నిషేధం మంచిదేనా? ఈ ప్రశ్నను స్త్రీవాదులం పక్కకు నెట్టేయకూడదు. నాకు రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, ఆ ఉద్యమాన్ని అందరూ తమ తమ బొమ్మల్లో బిగించడం. సూసీ తారు, తేజస్విని నిరంజన తమ వ్యాసంలో ఈ సంగతిని చాలా ముందే చర్చకు పెట్టారు. ప్రతి పార్టీ, ప్రతి పత్రిక నెల్లూరు ఆడవాళ్ళను తనకు కావలసిన స్త్రీగా చిత్రించుకుంది. ఒకరికి సంసారం నిలబెట్టే ఇల్లాలు, ఒకరికి శక్తి స్వరూపిణి, ఒకరికి వర్గపోరాట యోధురాలు. సంసారం నిలబెట్టడానికే ఆడది రోడ్డెక్కవచ్చు అన్న అనుమతి ఆ చప్పట్ల వెనుక ఉంది. తన ఒంటి కోసం, తన నిద్ర కోసం, తను సంపాదించిన పది రూపాయల కోసం రోడ్డెక్కితే అంత చప్పట్లు వచ్చేవా? రెండోది, నాటుసారా కాచి అమ్ముకుని బతికిన ఆడవాళ్ళు. మా వైపు వాళ్ళలో ఎక్కువమంది ఒంటరి స్త్రీలు. కాంట్రాక్టర్ల లైసెన్సులు పోయినా వాళ్ళ వేరే వ్యాపారాలు మిగిలాయి, వీళ్ళ మీద కేసులు మిగిలాయి. చట్టం కింది నుంచి కొట్టడం మొదలుపెడుతుంది, పైదాకా పోయేసరికి చెయ్యి నొప్పెడుతుంది.

అయినా నిషేధం తప్పని నేననను. తాగే హక్కు వ్యక్తి స్వేచ్ఛ అనే వాదాన్ని నేను విన్నాను. చదువుకున్న మగ మిత్రుల దగ్గర, సాధారణంగా గ్లాసుల మధ్య. స్వేచ్ఛ అనేది దాని ఖర్చు ఎవరు భరిస్తారో చెప్పకుండా నిర్వచించే పదార్థం కాదు. ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ఏరే ఒక పెద్దమ్మతో ఈ వాదం సంగతి చెప్పాను. 'తాగనీ మేడం, ఎవరొద్దన్నారు. ఆయప్ప కూలి ఆయప్ప తాగి ఆయప్ప యాడన్నా పండుకోనీ. నా కూలి తీసుకపోయి తాగొచ్చి నన్ను లేపుతాడే, దానికేమి పేరో చెప్పు' అంది. నేను చదివిన ఉదారవాద తత్వవేత్తల్లో ఎవరికి ఇంత పొదుపుగా చెప్పడం వచ్చిందో గుర్తు రావడం లేదు.

ఇది ఆడవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన కానుక అన్న మాట దగ్గర మాత్రం నాకు రాజీ లేదు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, వారుణ వాహిని నడిపిన ఆయనే. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది, సారా మీద నిషేధం మాత్రం ఉంచింది. ఇచ్చినవాడు తీసుకుంటాడు, అందుకే దాన్ని కానుక అంటారు. గెలుచుకున్నదాన్ని కానుకగా మార్చడం అధికారానికి ఎప్పుడూ తెలిసిన విద్య. ఆంధ్రరాష్ట్రం విషయంలో అలా జరగలేదు. నెహ్రూ ఇచ్చాడని ఎవరూ అనరు, శ్రీరాములు తెచ్చాడనే అంటారు. ఆ మర్యాద రెండో అక్టోబరు ఒకటికి ఎందుకు దక్కలేదన్నదే నా ఫిర్యాదు.

ప్రపంచంలో ఈ తేదీన జరిగినవి ఇంకా ఉన్నాయి, త్వరగా చూసి వదిలేస్తాను. 1946 అక్టోబరు 1న న్యూరెంబర్గులో నాజీ నాయకులకు శిక్షలు చదివారు. మానవాళిపై నేరాలు అనే మాటను ప్రపంచానికి నేర్పిన ఆ న్యాయస్థానపు శాసనంలో అత్యాచారం అనే మాట లేదు. 1949లో చైనాలో జనతా గణతంత్రాన్ని ప్రకటించారు. మరుసటి ఏడాదే అక్కడ కొత్త వివాహ చట్టం వచ్చింది. మన హిందూకోడ్ బిల్లు అప్పటికి పార్లమెంటులో నలుగుతోంది. 1847లో అనీబిసెంటు పుట్టింది ఈ తేదీనే. గర్భనిరోధం మీద చిన్నపుస్తకం అచ్చువేసినందుకు కోర్టుకెక్కి, ఆ పుణ్యాన కూతుర్ని పోగొట్టుకున్న బిసెంటు మన పాఠాల్లో ఉండదు, హోంరూలు బిసెంటు ఉంటుంది. 1991 నుంచి ఈ రోజు అంతర్జాతీయ వృద్ధుల దినం కూడా. ముసలితనంలో ఒంటరిగా మిగిలేది ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి ఇదీ మన దినమే, ఎవరూ చెప్పరు గానీ.

రాష్ట్రావతరణ దినం ఏదన్నది ఇప్పుడు మన రాష్ట్రానికే స్పష్టత లేని విషయం. 1956 నుంచి నవంబరు ఒకటి. 2014 విభజన తర్వాత కొన్నేళ్ళు జూన్ రెండున నవనిర్మాణ దీక్షలు, 2019లో మళ్ళీ నవంబరు ఒకటి. తెలంగాణ లేని ఈ నేల నిజానికి 1953 అక్టోబరు ఒకటి నాటి నేలే. ఆ వాదన చేసేవాళ్ళు మా రాయలసీమలో ఉన్నారు. శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం దక్కిన రాజధానిని మూడేళ్ళకే పోగొట్టుకున్న కర్నూలుకు ఆ తేదీ మీద మమకారం ఉండటం సహజం. వాళ్ళ సభలకు నేనూ వెళ్ళాను. నీళ్ళు, నిధులు, హైకోర్టు, వెనుకబాటుతనం, అన్నీ న్యాయమైనవే. కానీ సుగ్గికి పోయే ఆడవాళ్ళ సంగతి వచ్చేసరికి అది వెనుకబాటుతనానికి ఉదాహరణగా ఒక వాక్యంలో ముగుస్తుంది. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల్లో ఖరీఫు చివర్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు మిరపకోతలకూ పత్తి ఏరడానికీ కుటుంబాలు కుటుంబాలుగా పోతారు. ముసలమ్మల దగ్గర పిల్లల్ని వదిలి కొందరు, పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుని కొందరు. అక్షరాస్యతలో రాష్ట్రంలోనే అట్టడుగున ఉండే మండలాల్లో కోసిగి ఒకటి. నెల్లూరు ఆడవాళ్ళకు ఆయుధమైన రాత్రిబడి, ఏడాదిలో సగం ఊరే ఖాళీ అయ్యే చోట ఎవరికోసం తెరుస్తారు?

2019లో అక్టోబరు ఒకటి మూడోసారి వచ్చింది. ఆ రోజు నుంచి రాష్ట్రంలో మద్యం దుకాణాలన్నిటినీ ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. దశలవారీ నిషేధానికి మొదటి మెట్టు అన్నారు. ధరలు పెంచారు, తాగడం తగ్గుతుందన్నారు. మా సరిహద్దులో జరిగింది 1993 తర్వాత జరిగిందే. ఈసారి కర్ణాటక టెట్రా ప్యాకెట్లు వచ్చాయి. ఆదోని, మంత్రాలయం, కోసిగి ప్రాంతాల్లో వాటి కేసులు పేపర్లలో రోజూ చదివాం. ధర పెరిగితే తాగేవాడు తగ్గించుకుంటాడన్న లెక్కలో ఇంకో డబ్బా ఉంది, ఆమె కూలి డబ్బా. తగ్గింది మొదట అదే.

2024 అక్టోబరులో కొత్త ప్రభుత్వం దుకాణాలను మళ్ళీ ప్రైవేటుకు ఇచ్చింది. ఈసారి తేదీ పదహారు. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము రెండు లక్షలు. సీసా మూత తీయకముందే ఖజానాకు సుమారు 1,797 కోట్లు చేరాయి. పేదవాడికి అందుబాటులో ఉండాలని 99 రూపాయల క్వార్టరు తెచ్చారు. లాటరీలో కొన్ని వందల దుకాణాలు ఆడవాళ్ళ పేర్ల మీద వచ్చాయని పత్రికలు ప్రత్యేకంగా రాశాయి. మా సందులో అలా ఒకటి వచ్చింది. లైసెన్సు మీద పేరున్న ఆమెను నేనింతవరకూ ఆ దుకాణం దగ్గర చూడలేదు. వాళ్ళింటి గుమ్మంలో చూశాను, లోపలి నుంచి మగ గొంతు పిలిస్తే వెళ్ళిపోయింది.